అన్నిటికీ ‘ఓల్డ్’ అనకుండా, గడిచిపోయిన వాటికి సరైన ఇంగ్లీష్ మాట పట్టుకోవడం ఎలా

ఇంగ్లీష్‌లో ఏదైనా రాస్తున్నప్పుడు, మెయిల్ కానీ రెజ్యూమె కానీ ఫోటో కింద రెండు లైన్లు కానీ, గతం సంగతి వచ్చిందంటే చాలు మన చేతికి ముందు తగిలేది ఓల్డ్. పాత ఇల్లు ఓల్డ్, పాత ఫోన్ ఓల్డ్, పాత రాజ్యం ఓల్డ్, పాత బాస్ కూడా ఓల్డే. తప్పని కాదు, కానీ చదివేవాళ్ళకి విషయం కళ్ళకి కట్టదు, కొన్నిచోట్ల అర్థమే మారిపోతుంది. ‘మై ఓల్డ్ బాస్’ అంటే ఇంతకుముందు బాస్‌గా చేసినాయనా, వయసు మళ్ళిన బాసా? ఎవరికి తోచినట్టు వాళ్ళు అనుకుంటారు. నేను చాలా ఏళ్ళుగా తెలుగు నుంచి ఇంగ్లీష్‌లోకి, ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి రాస్తూ ఉన్నా కాబట్టి ఈ ఒక్క విషయంలో నాకు కుదిరిన పద్ధతి చెప్తా, పెద్ద గ్రామర్ ఏం అక్కర్లేదు.

మొదటి పని: తెలుగులో ‘పాత’ అనడం ఆపండి

వినడానికి విచిత్రంగా ఉంటుంది కానీ ఇంగ్లీష్ మాట దొరక్కపోవడానికి కారణం చాలాసార్లు ఇంగ్లీష్ రాకపోవడం కాదు, మనం తెలుగులోనే తొందరపడి పాత అనేసుకోవడం. మనకి ఎన్ని మాటలున్నాయో చూడండి. మాజీ, అప్పటి, ఒకప్పటి, కీర్తిశేషులు, ప్రాచీన, పురాతన, అంతరించిన, మూతపడిన, మూలనపడిన, కాలం చెల్లిన, వాడుక పోయిన, రద్దయిన, తాతల నాటి, వెనకటి... వీటిలో ఒకదాని బదులు ఇంకొకటి వాడితే మనకే ఎబ్బెట్టుగా ఉంటుంది కదా. మూతపడిన మంత్రి అనం, మాజీ డైనోసార్ అనం. అంటే తేడా మనకి ముందే తెలుసన్నమాట. కాబట్టి ఇంగ్లీష్ మాట కోసం వెతికే ముందు తెలుగులో దానికి ‘పాత’ కాని మాట ఒకటి అనుకోండి. మాజీ అయితే ఫార్మర్, అప్పటి అయితే దెన్, కీర్తిశేషులు అయితే లేట్, అంతరించిన అయితే ఎక్స్‌టింక్ట్, మూతపడిన అయితే డిఫంక్ట్, మూలనపడిన అయితే డిస్‌యూజ్డ్, వాడుక పోయిన అయితే ఆబ్సొలీట్. సగం పని ఇక్కడే అయిపోతుంది.

తెలుగు మాట కూడా తట్టకపోతే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో పోయింది ఏంటి? మనిషి పోయాడా, పదవి పోయిందా, వస్తువు పోయిందా, వస్తువు ఉండి వాడకం పోయిందా, వాడకం ఉండి ఫ్యాషన్ పోయిందా, అసలు ఏమీ పోకుండా వయసు మాత్రమే పెరిగిందా. ఈ ప్రశ్నకి జవాబు ఎటు వస్తే మాట అటే.

మనుషుల విషయంలో ముందు జాగ్రత్త

వస్తువుల దగ్గర తప్పు చేస్తే పెద్దగా పోయేదేం లేదు, మనుషుల దగ్గర చేస్తే మాత్రం మనసులు నొచ్చుకుంటాయి. నాకు జరిగింది చెప్తా. ఒక సంఘం వార్షికోత్సవానికి ఇంగ్లీష్ ఆహ్వానం రాయమంటే రాశాను, అంతకుముందు సెక్రటరీగా చేసి దిగిపోయిన పెద్దాయన పేరు ముందు ‘లేట్ సెక్రటరీ’ అని పెట్టేశా, లేటర్, లేటెస్ట్, లేట్ అన్నీ బుర్రలో కలిసిపోయి ‘ఈమధ్య దాకా ఉన్న’ అనే అర్థంలో రాశాను. కార్డులు పంచేశారు. రెండో రోజు వాళ్ళమ్మాయి ఫోన్ చేసి కోప్పడలేదు, మెల్లగా ‘మా నాన్నగారు బాగానే ఉన్నారండీ’ అంది. ఆ గొంతు ఇప్పటికీ గుర్తుంది. వెళ్ళి ఆయన్ని కలిసి క్షమాపణ అడిగి కార్డులన్నీ మళ్ళీ వేయించాం. అప్పట్నుంచి లేట్ అనే మాట రాయాల్సి వస్తే ఒకసారి ఆగి చూస్కోవడం అలవాటైంది.

కాబట్టి గట్టిగా గుర్తుపెట్టుకోండి. పదవి పోయి మనిషి ఉంటే ఫార్మర్. మనిషే లేకపోతే లేట్, పేరుతో రాసేటప్పుడు ముందు ‘ద’ రావాలి, ‘ద లేట్’ తర్వాత పేరు. అది కూడా ఈమధ్య కాలంలో పోయినవాళ్ళకే, చదివేవాళ్ళలో కొందరికైనా ఆయన తెలిసి ఉంటాడు అనుకున్నప్పుడే. షేక్‌స్పియర్ 1616లో పోయాడు, ఆయన్ని ద లేట్ షేక్‌స్పియర్ అని ఎవరూ అనరు. మనం కూడా పోతనగారి ముందు కీ.శే. పెట్టం కదా, అదే లెక్క. ఇంకో చిక్కు ఏంటంటే కాలం ముందు లేట్ వస్తే దానికి చావుతో సంబంధమే లేదు, లేట్ నైన్‌టీన్ నైంటీస్ అంటే 1990ల చివరి ఏళ్ళు అని అర్థం.

ఎక్స్ అన్నా మాజీయే, కాకపోతే కొంచెం మాటల్లో వాడే మాట, ఎక్స్ హస్బెండ్, ఎక్స్ ఎంప్లాయీ అంటారు, రాసేటప్పుడు మధ్యలో చిన్న గీత పెట్టాలి. ఆఫీసు ఉత్తరాల్లో, వార్తల్లో ఫార్మర్ అంటే హుందాగా ఉంటుంది. ఉత్త ‘మై ఎక్స్’ అంటే మాత్రం విడిపోయిన భార్యో భర్తో ప్రేమించినవాళ్ళో అని తప్ప ఇంకో అర్థం రాదు, పాత మేనేజర్ గురించి అలా అనకండి.

ఇక చాలామంది వదిలేసే మాట దెన్. మన ‘అప్పటి’కి సరిగ్గా సరిపోయే మాట ఇది. 1969 జూలై 20న మనుషులు చంద్రుడి మీద దిగారు, ఆ రోజు అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాడు. ఈ సంగతి రాస్తూ ‘ఫార్మర్ ప్రెసిడెంట్ నిక్సన్ మాట్లాడాడు’ అంటే పదవి దిగిపోయాక మాట్లాడినట్టు అనిపిస్తుంది, ఆయన దిగింది 1974లో. కాబట్టి అక్కడ దెన్ ప్రెసిడెంట్. అప్పటి ముఖ్యమంత్రి, మాజీ ముఖ్యమంత్రి అన్నప్పుడు మనం ఎప్పుడూ పొరబడం, ఇంగ్లీష్‌లోకి రాగానే రెండూ ఫార్మర్ అయిపోతాయి, అదే బాధ.

ఎర్స్ట్‌వైల్ అనే మాట మన పేపర్లలో బాగా కనిపిస్తుంది, దాని అర్థం ఒకప్పటి అనే, తప్పేం కాదు, కానీ బయటి దేశాల వాళ్ళ చెవికి బాగా పాతకాలపు మాటలా వినపడుతుంది. రాజ్యాలు, దేశాలు, కూటములు లాంటి వాటికి అయితే పర్లేదు, మామూలు చోట ఫార్మర్ అనేయండి.

వయసు మాత్రమే పెరిగినవి

ఇక్కడ నాలుగైదు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ఏన్షియంట్ అంటే ప్రాచీన, వందల ఏళ్ళు కాదు, వేల ఏళ్ళ మాట. యూరప్ చరిత్ర రాసేవాళ్ళు పశ్చిమ రోమన్ సామ్రాజ్యం కూలిన 476వ సంవత్సరం దగ్గర ఏన్షియంట్ అనే గీత గీసి ఆ తర్వాతది మిడీవల్, అంటే మధ్యయుగం అంటారు. రాత పుట్టకముందు కాలం అయితే ప్రీహిస్టారిక్. కాబట్టి వందేళ్ళ మేడని ఏన్షియంట్ బిల్డింగ్ అని రాస్తే మరీ ఎక్కువ చేసినట్టు అవుతుంది, సెంచరీ ఓల్డ్ అనొచ్చు, లేదా హాయిగా కట్టిన సంవత్సరం ఇచ్చేయొచ్చు, నా మటుకు నాకు సంవత్సరం ఇవ్వడమే ఇష్టం, ఏ విశేషణమూ దానంత పని చేయదు.

యాంటిక్ అనేది అమ్మేవాళ్ళు ఇష్టం వచ్చినట్టు వాడే మాట అయినా దానికి ఒక లెక్క ఉంది, అమెరికా కస్టమ్స్ రూల్స్ ప్రకారం 100 ఏళ్ళు దాటినదే యాంటిక్. వింటేజ్ అసలు వైన్ వాళ్ళ మాట, లాటిన్‌లో ద్రాక్ష కోతకి ఉన్న మాటలోంచి వచ్చింది, ఫలానా ఏడాది పంట అనే అర్థం. అందుకే ఇప్పటికీ ఆ మాటలో ఒక కాలం వాసన ఉంటుంది, ఆ కాలానికి మంచి నమూనా అనే మెప్పు కూడా ఉంటుంది. బ్రిటన్‌లో పాత కార్లు దాచుకునేవాళ్ళు ఇంకా కచ్చితంగా ఉంటారు, వాళ్ళ లెక్కలో 1919 నుంచి 1930 దాకా తయారైనవే వింటేజ్ కార్లు. మనం అంత పట్టింపుగా ఉండక్కర్లేదు కానీ, పదేళ్ళ కిందటి చొక్కాని వింటేజ్ అనకుండా ఉంటే చాలు.

రెట్రో మాత్రం అసలు పాతది కాదు, ఇది బాగా కలిపేస్తారు. పాత పద్ధతిలో కొత్తగా చేసింది రెట్రో. నిన్న ఫ్యాక్టరీలోంచి వచ్చిన రేడియో పాత చెక్క రేడియోలా కనిపిస్తే అది రెట్రో, 1950ల్లో నిజంగా తయారైన చెక్క రేడియో అయితే వింటేజ్. ఆన్‌లైన్‌లో ఏదైనా కొనేటప్పుడు ఈ ఒక్క తేడా చూస్కుంటే డబ్బులు మిగుల్తాయి.

క్లాసిక్‌కి కాలం కంటే నాణ్యత ముఖ్యం, ఎన్నాళ్ళైనా నిలిచేది అని. క్లాసికల్ అంటే శాస్త్రీయ సంగీతం లాంటిది, లేదా గ్రీకు రోమన్ కాలానికి చెందింది. పాత సినిమా బాగుంటే క్లాసిక్, క్లాసికల్ కాదు.

వాడుక పోయినవి, నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే

మాటలు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒక వస్తువు జీవితాన్ని వరసగా చూస్తే అవన్నీ ఒక మెట్ల దారిలా పడి ఉంటాయి. కొడక్‌క్రోమ్ అని ఒక కలర్ ఫిల్మ్ ఉండేది, 1935లో వచ్చింది, రంగులు చాలా ఏళ్ళు చెక్కుచెదరవని ఫోటోగ్రాఫర్లు ప్రాణంగా చూస్కునేవాళ్ళు. డిజిటల్ కెమెరాలు వచ్చి ఫిల్మ్ వాడకం తగ్గుతూ వస్తోంది చూడండి, ఆ రోజుల్లో దానికి తగిన మాట ఆబ్సొలెసెంట్, అంటే వాడుక పోతూ ఉన్నది, ఇంకా పూర్తిగా పోలేదు. 2009లో కంపెనీ తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది, అప్పుడు డిస్‌కంటిన్యూడ్. తయారీ ఆగింది అంతే, షాపుల్లో మిగిలిన రోల్స్ ఉన్నాయి, కెమెరాలో వేస్కొని ఫోటోలు తీస్కోవచ్చు. ఆ ఫిల్మ్ కడగడానికి ప్రత్యేకమైన పద్ధతి కావాలి, అది చేసే ల్యాబులు ఒక్కొక్కటే ఆగిపోయి చివరికి ఒక్కటే మిగిలింది, అది కూడా 2010 డిసెంబర్ 30తో కొత్త రోల్స్ తీసుకోవడం మానేసింది. ఆ మర్నాటి నుంచి మీ చేతిలో కొత్త రోల్ ఉన్నా దాని అసలు రంగులు బయటికి తీసేవాళ్ళు లేరు. అదీ ఆబ్సొలీట్ అంటే. వస్తువు చెడిపోలేదు, దాని చుట్టూ ఉన్న ప్రపంచం వెళ్ళిపోయింది.

ఈ వరస గుర్తుంటే చాలు, ఆఫీసులో ఫోన్ మోడల్ గురించైనా మెషిన్ పార్ట్ గురించైనా సరైన మాట పడుతుంది. డిస్‌కంటిన్యూడ్ అని ఉంటే స్పేర్ పార్ట్స్ వెతకొచ్చు అని ఆశ, ఆబ్సొలీట్ అని ఉంటే ఇంక మార్చుకోవాల్సిందే.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంకో మాట ఉంది, డిప్రికేటెడ్. ఇప్పటికి పనిచేస్తుంది కానీ ఇకమీదట వాడొద్దు, ముందు ముందు తీసేస్తాం అని ముందస్తు హెచ్చరిక అన్నమాట. వెబ్ పేజీల్లో అక్షరాల రంగూ సైజూ మార్చడానికి ఫాంట్ అని ఒక ట్యాగ్ వాడేవాళ్ళం, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్, 1997లో వచ్చిన దాని 4వ వెర్షన్‌లో దాన్ని డిప్రికేటెడ్ అన్నారు, 2014లో ఖరారైన హెచ్‌టీఎంఎల్ 5కి వచ్చేసరికి ఆబ్సొలీట్ అనేశారు. ఒకే ట్యాగ్, రెండు మాటలు, మధ్యలో ఇన్నేళ్ళు. ఈ రెండూ ఒకటే అనుకొని డాక్యుమెంట్ రాస్తే చదివిన టీమ్ కంగారుపడి ఈరోజే కోడ్ అంతా తిరగరాయడం మొదలుపెడతారు. లెగసీ సిస్టమ్ అంటే పాతదే కానీ ఇంకా పని దానిమీదే నడుస్తోంది, తీసేయడానికి ధైర్యం చాలట్లేదు అని. కొత్త రూల్ వచ్చి పాత రూల్ స్థానం తీసుకుంటే పాతది సూపర్‌సీడెడ్, సర్క్యులర్లలో బాగా పనికొచ్చే మాట.

అవుట్‌డేటెడ్ అంటే కాలం చెల్లిన, సమాచారానికి బాగా నప్పుతుంది, అవుట్‌డేటెడ్ మ్యాప్, అవుట్‌డేటెడ్ సిలబస్. ఓల్డ్ ఫ్యాషన్డ్ అంటే పాత పద్ధతి, ఇందులో తిట్టూ ఉండొచ్చు, ముద్దూ ఉండొచ్చు, గొంతుని బట్టి. మనుషుల గురించి అవుట్‌డేటెడ్ అనొద్దు, నొచ్చుకుంటారు, ఓల్డ్ ఫ్యాషన్డ్ అంటే చాలామంది నవ్వి ఊరుకుంటారు.

ప్రాణం పోయినవి, తలుపులు మూసుకున్నవి

ఎక్స్‌టింక్ట్ అనే మాట లాటిన్‌లో నిప్పు ఆర్పడం అనే మాట నుంచి వచ్చింది, మంటలార్పే ఎక్స్‌టింగ్విషర్ దీనికి తోబుట్టువే. మన వాళ్ళు ప్రాణం పోయిందనడానికి దీపం ఆరిపోయింది అంటారు చూడండి, అదే ఊహ. అందుకే ఈ మాట జంతువులకీ, భాషలకీ, అగ్నిపర్వతాలకీ సరిపోతుంది. ప్యాసింజర్ పీజన్ అనే పావురాలు ఒకప్పుడు ఉత్తర అమెరికా ఆకాశాన్ని కమ్మేసేటన్ని ఉండేవి, వేటాడీ అడవులు కొట్టేసీ వాటిని తుడిచిపెట్టేశారు, చివరి పావురం మార్తా 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చనిపోయింది. ఆ జాతి ఎక్స్‌టింక్ట్. కానీ మార్తా ఎక్స్‌టింక్ట్ అనకూడదు, మార్తా డైడ్ అంతే. జాతి అంతరిస్తుంది, ప్రాణి చనిపోతుంది.

భాషల దగ్గర డెడ్‌కీ ఎక్స్‌టింక్ట్‌కీ తేడా ఉంది, లాటిన్ పుట్టుకతో మాట్లాడేవాళ్ళు లేరు కానీ చదువుతారు, రాస్తారు, ప్రార్థనలు చేస్తారు, దాన్ని డెడ్ లాంగ్వేజ్ అంటారు. ఏడ్రియాటిక్ తీరంలో డాల్మేషియన్ అనే భాష ఉండేది, దాన్ని మాట్లాడగలిగిన చివరి మనిషి 1898లో పోయాడు, ఆయనతో ఆ భాషా పోయింది, అది ఎక్స్‌టింక్ట్.

సంస్థలకి ఎక్స్‌టింక్ట్ కాదు, డిఫంక్ట్. ఐక్యరాజ్యసమితికి ముందు ఉన్న నానాజాతి సమితి 1920లో మొదలై 1946లో రద్దయింది, డిఫంక్ట్ ఆర్గనైజేషన్. పాన్ యామ్ విమానాల కంపెనీ 1991లో మూతపడింది, డిఫంక్ట్ ఎయిర్‌లైన్. మీరు పనిచేసిన కంపెనీ మూతపడితే రెజ్యూమెలో ‘నౌ డిఫంక్ట్’ అని చిన్నగా రాయండి, ఫోన్ చేసి కనుక్కుందామనుకునే హెచ్ఆర్ వాళ్ళకి విషయం తెలుస్తుంది. భవనం ఉండి వాడకం లేకపోతే డిస్‌యూజ్డ్, డిస్‌యూజ్డ్ స్టేషన్, డిస్‌యూజ్డ్ మైన్. దాన్ని ఎవరూ పట్టించుకోకుండా వదిలేసి వెళ్ళిపోతే అబాండన్డ్.

హిస్టారిక్, హిస్టారికల్ గురించి రెండు ముక్కలే. చరిత్రని మలుపు తిప్పింది హిస్టారిక్, చరిత్రకి సంబంధించింది ఏదైనా హిస్టారికల్. చంద్రుడి మీద దిగడం హిస్టారిక్. ఆ రోజు ఎవరో ఇంట్లో కూర్చొని రాసుకున్న డైరీ హిస్టారికల్ డాక్యుమెంట్.

క్రియ దగ్గర మనం చేసే తప్పు

మాటలు సరిచూస్కున్నాక వాక్యం చూడండి, యూజ్డ్ టు దగ్గర మనలో సగం మంది దొరికిపోతాం. ‘ఐ యూజ్డ్ టు వాక్ ఎవ్రీ డే’ అని రాసి రోజూ నడుస్తాను అనుకుంటాం. దాని అర్థం నడిచేవాడిని, ఇప్పుడు నడవట్లేదు అని. దీనికి మంచి కొలబద్ద తెలుగులోనే ఉంది. తెలుగు క్రియ చివర నడిచేవాడిని, చదివేదాన్ని, వెళ్ళేవాళ్ళం అని ‘ఏ’ కారంతో వస్తే యూజ్డ్ టు వేయండి. నడుస్తాను, చదువుతాను అని వస్తే ఉత్త వాక్, రీడ్ చాలు. నాకు అలవాటే అని చెప్పాలంటే ‘ఐయామ్ యూజ్డ్ టు వాకింగ్’, చివర ఇంగ్ పోకూడదు. ఈ మూడింటినీ ఒక కాగితం మీద తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన రాసి వారం రోజులు కళ్ళ ముందు పెట్టుకోండి, నేను ఎంతమందికి చెప్పానో అంతమందికీ పనిచేసింది. ఇంటర్వ్యూలో ‘ఐ యూజ్డ్ టు కోడ్ ఇన్ జావా’ అంటే ఇప్పుడు చేయట్లేదు అనే అనుకుంటారు, ఉద్యోగమే పోవచ్చు.

ఇప్పుడు లేదు అని తేల్చి చెప్పాలంటే నో లాంగర్. ‘ద బ్రిడ్జ్ నో లాంగర్ ఎగ్జిస్ట్స్’, ఏ విశేషణమూ లేకుండానే పని అయిపోయింది.

మాటలే పాతబడితే

డిక్షనరీ తెరిచినప్పుడు కొన్ని మాటల పక్కన ఆర్కాయిక్ అనీ, కొన్నిటి పక్కన ఆబ్సొలీట్ అనీ ఉంటుంది, అవి చూడకుండా వాడేయకండి. మెరియమ్ వెబ్‌స్టర్ అనే అమెరికా డిక్షనరీ లెక్కలో 1755 తర్వాత ఎక్కడా వాడిన ఆనవాలు లేకపోతే ఆబ్సొలీట్, ఎక్కడో అక్కడ అరుదుగా, ప్రార్థనల్లోనో కవిత్వంలోనో ఇంకా కనిపిస్తూ ఉంటే ఆర్కాయిక్. నువ్వు అనడానికి ఒకప్పుడు వాడిన దౌ ఆర్కాయిక్, ఎవరికైనా అర్థమవుతుంది, ఎవరూ మాట్లాడరు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పెద్ద డిక్షనరీలో అయితే వాడుక పోయిన మాట ముందు చిన్న బాకు బొమ్మ ఉంటుంది.

కొన్ని మాటలు విడిగా చచ్చిపోయి జంటలో మాత్రం బతికి ఉంటాయి, వీటిని ఫాసిల్ వర్డ్స్ అంటారు. బంధుమిత్రులు అనే అర్థమిచ్చే కిత్ అండ్ కిన్‌లో కిత్, అటూ ఇటూ అనే అర్థమిచ్చే టు అండ్ ఫ్రోలో ఫ్రో. విడిగా తీసి వాడబోతే వాక్యం నిలబడదు, జంటగానే వాడండి.

దీనికి తిరగేసిన సంగతి ఇంకోటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. కొత్తది వచ్చాక పాతదానికి కొత్త పేరు పెట్టాల్సి రావడం. పొయ్యి అంటే ఒకప్పుడు ఉత్త పొయ్యే, గ్యాస్ వచ్చాక అది కట్టెల పొయ్యి అయింది. అలాగే గిటార్ ఎలక్ట్రిక్‌ది వచ్చాక పాతది అకూస్టిక్ గిటార్, మాటలొచ్చాక పాత సినిమా సైలెంట్ ఫిల్మ్, మెయిల్ కంప్యూటర్‌లోకి వచ్చాక పోస్టులో వచ్చేది స్నెయిల్ మెయిల్. 1914లో మొదలైన యుద్ధాన్ని అప్పటి జనం గ్రేట్ వార్ అన్నారు, 1939లో ఇంకోటి రాబట్టి అది అందరి నోటా ఫస్ట్ అయింది. ఇలాంటి పేర్లకి రెట్రోనిమ్ అని పేరు, 1980లో విలియమ్ సఫైర్ అనే కాలమిస్ట్ రాయడంతో జనానికి తెలిసింది, మాట పుట్టించింది మాత్రం ఫ్రాంక్ మాంకీవిచ్ అని ఆయనే చెప్పాడు. మీకు ఇది ఎందుకు పనికొస్తుందంటే, గతం గురించి రాసేటప్పుడు ఆ కాలం వాళ్ళ నోట రెట్రోనిమ్ పెట్టకూడదు. 1920లో జరిగే కథలో ఒక పాత్ర ‘అకూస్టిక్ గిటార్ తీసుకురా’ అంటే అది అనాక్రనిజం, కాలం కాని కాలంలో వచ్చిన మాట.

వస్తువు పోయినా మాట పోనివి కూడా ఉన్నాయి, వీటిని భయపడకుండా వాడేయండి. నంబర్ డయల్ చేస్తాం, గుండ్రంగా తిప్పే డయల్ లేదు. మెయిల్‌లో సీసీ పెడతాం, కార్బన్ పేపర్ పెట్టి తీసిన కాపీ అని దాని అర్థం. వీడియోని ఫుటేజ్ అంటాం, ఫిల్మ్‌ని అడుగుల్లో కొలిచిన రోజుల మాట అది, 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడిచేది. వీటిని ఎవరూ పాత మాటలు అనుకోరు, మార్చాల్సిన పనిలేదు.

ఒక వస్తువు పట్టుకొని చేసి చూడండి

నేను చేసింది చూపిస్తా, మీరు మీ ఇంట్లో ఏదో ఒకటి తీస్కోండి. మా తాతగారి చేతి వాచీ ఒకటి నా టేబుల్ మీద ఉంది, రోజూ కీ ఇవ్వాలి, ఒకరోజు మర్చిపోతే ఆగిపోతుంది, అద్దం మీద పన్నెండు దగ్గర సన్నటి గీత, లోపల అంకెలు పసుపు తిరిగాయి. తయారైంది 1960ల్లో. దీని గురించి ఇంగ్లీష్‌లో నాలుగు లైన్లు రాయాలి.

యాంటిక్ అందామా, వందేళ్ళు లేవు, కాదు. రెట్రో అసలే కాదు, అది నిజంగా ఆ కాలంది. వింటేజ్ సరిపోతుంది. ఆబ్సొలీటా? బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ చేతి వాచీ 1969 డిసెంబర్‌లో జపాన్‌లో అమ్మకానికి వచ్చాక కీ వాచీల పని అయిపోయిందనుకున్నారు, కానీ ఇప్పటికీ తయారుచేస్తున్నారు, బాగుచేసేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి ఆబ్సొలీట్ అనను. ఆ మోడల్ మాత్రం ఇప్పుడు రాదు, డిస్‌కంటిన్యూడ్. మెకానికల్ వాచ్ అనే పేరు కూడా క్వార్ట్జ్ రాకతో బాగా అవసరమైన పేరే, తాతగారికి అది ఉత్త వాచీ. రెలిక్ అంటే మిగిలిపోయిన అవశేషం, గుళ్ళలో చర్చిల్లో దాచే పవిత్రమైన వాటికి కూడా అంటారు, ఇంట్లో నడుస్తున్న వాచీకి మరీ బరువైన మాట. తాత నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకు వచ్చింది కాబట్టి హెయిర్‌లూమ్. ఈ మాటలో లూమ్ అంటే ఇప్పుడు మగ్గం అనుకుంటాం, పాత ఇంగ్లీష్‌లో దానికి పనిముట్టు అని అర్థం, వారసుడికి దక్కిన పనిముట్టు అన్నమాట. తాతగారు పొలానికి వెళ్ళేటప్పుడు కూడా అది పెట్టుకునేవారు, కాబట్టి ఆ అర్థం నాకు భలే నచ్చింది.

తాతగారి ముందు లేట్ పెట్టాలా అని కాసేపు ఆలోచించా. చదివేవాళ్ళెవరికీ ఆయన తెలీదు, అక్కర్లేదనిపించింది. చివరికి రాసింది ఇది: మై గ్రాండ్‌ఫాదర్ యూజ్డ్ టు వైండ్ ఇట్ ఎవ్రీ మార్నింగ్, అండ్ నౌ ఐ డూ.